ఇసకలో బండి

ఉగాది సంచికకి ఏదైనా రాసివ్వమని మన సంఘం కార్యదర్శిగారు మూడుసార్లు ఫోన్ చేశారు. నేను రచయితని కానండీ, నేను రాసినవల్లా సైటు రిపోర్టులూ, లీవు దరఖాస్తులూ అని మొరపెట్టుకున్నాను. "పోనీ, ఆ బీచి క్యాంపింగుల సంగతులే రాయండి. ఇప్పటి కుర్రాళ్ళు పెద్ద పెద్ద ఫోర్ వీల్ డ్రైవ్ బళ్ళు కొనుక్కుని సముద్రపొడ్డుకి ఎగబడుతున్నారు. వాళ్ళకి నాలుగు జాగ్రత్తలు తెలుస్తాయి" అన్నారాయన. సరేనన్నాను. తీరా కలం పట్టేసరికి జాగ్రత్తల కంటే ముందు మా నాన్నగారు గుర్తుకొచ్చారు. అందుచేత ఇది ఆయన కథ కూడా.

అది 1998. మేం షార్జాలో రెండు పడకగదుల ఫ్లాటులో ఉండేవాళ్ళం. అంతకు ముందు సంవత్సరం సెప్టెంబరులో అమ్మ పోయింది. ఏడాది కార్యక్రమాలన్నీ అయ్యాక నాన్నగారిని విజిట్ వీసా మీద తీసుకొచ్చాను. అప్పటికి ఆయన వయసు 68. కోనసీమలో అంతర్వేదికి దగ్గర్లో మా ఊరు. ఎకరంన్నర కొబ్బరితోట, ఒక పెంకుటిల్లు. ఆయన అంతకు ముందు చూసిన అతిపెద్ద పట్నం రాజమండ్రి.

వచ్చిన వారం రోజులూ లిఫ్టు, ఏసీ, సూపర్ మార్కెట్టు చూసి సంబరపడ్డారు. తరవాత మాట తగ్గిపోయింది. నేను ఆఫీసుకీ, పిల్లలు బడికీ, మా ఆవిడ తన ఉద్యోగానికీ వెళ్ళిపోతే ఆయన బాల్కనీలో కుర్చీ వేసుకుని కింద పార్కింగులో కార్లు లెక్కపెట్టేవారు. నిజంగానే లెక్కపెట్టేవారు. సాయంత్రం నేను రాగానే "ఇవాళ పొద్దున్న 41 ఉన్నాయిరా, ఇప్పుడు 63" అని చెప్పేవారు. నేను నవ్వేవాణ్ణి. నవ్వవలసిన విషయం కాదని అప్పట్లో నాకు తట్టలేదు.

ఇక్కడొక సంగతి దాచకుండా చెప్పాలి. నాన్నగారిని ఇక్కడే ఉంచేసుకుని, ఊళ్ళో తోట అమ్మేసి, ఆ డబ్బుకి కొంత కలిపి హైదరాబాదులో ఫ్లాటు కొందామని నా ఆలోచన. మా చెల్లెలి భర్త ఊళ్ళో బేరం కూడా చూసి, నా పేర పవరాఫ్ అటార్నీ కాగితాలు రాయించి కొరియర్‌లో పంపించాడు. నాన్నగారు ఊ అంటే దుబాయిలో మన కాన్సులేట్‌కి తీసుకెళ్ళి సంతకం పెట్టించడమే తరువాయి. ఒంటరివాణ్ణి ఎలా వదిలేస్తామని పదిమందితోనూ అన్నాను. ఆ మాట అబద్ధం కాదు, అలాగని పూర్తి నిజమూ కాదు. ఫ్లాటు మీద నాకు ఆశ ఉంది.

ఆ మాట ఆయనతో ఎలా ఎత్తాలో తెలియక నెల రోజులు గడిపాను. ఇంతలో నేషనల్ డే వచ్చింది. ఆ ఏడాది డిసెంబరు 2 బుధవారం. అప్పట్లో మనకి వారాంతపు సెలవు శుక్రవారం కాబట్టి గురువారం కూడా కలుపుకుంటే మూడు రోజులు. తూర్పు తీరానికి క్యాంపింగుకి వెళ్దామన్నాడు మా నెల్లూరు మిత్రుడు. సముద్రం ఒడ్డున ఆయన మనసు కాస్త తేలికపడ్డాక మాట ఎత్తవచ్చు అనుకుని ఆ కాగితాలు కారు డాష్‌బోర్డు సొరుగులో పెట్టాను.

*

రెండు కుటుంబాలు, రెండు బళ్ళు. నాది సెకండ్‌హ్యాండులో కొన్న పజీరో, మిత్రుడిది నిస్సాన్ పెట్రోల్. ఇసకలోకి ఎప్పుడూ ఒక్క బండితో వెళ్ళకూడదన్నది మొదటి సూత్రం. రెండు టెంట్లు, పెట్రోమాక్స్ దీపం, గ్యాసు పొయ్యి, నీళ్ళ డబ్బాలు, ఒక పార, తాడు. మా ఆవిడ పులిహోర, పెరుగన్నం, ఆవకాయ జాడీ సర్దింది. ఎక్కడికెళ్ళినా ఆవకాయ లేకపోతే మన క్యాంపింగు సాగదు కదా!

ఇప్పుడంటే 2011లో దుబాయి నుంచి ఫుజైరాకి కొత్త హైవే, 2019లో కొండల్ని తొలిచి ఖోర్‌ఫక్కాన్‌కి సొరంగాల రోడ్డూ వచ్చాయి. అప్పట్లో మాకున్న దారి ఒక్కటే. షార్జా నుంచి ధైద్, అక్కణ్ణించి మసాఫీ, మసాఫీ కూడలిలో కుడిచేతికి తిరిగితే ఫుజైరా, ఎడమచేతికి తిరిగితే దిబ్బా. ధైద్ దాటేదాకా ఎర్ర ఇసక తిన్నెలు. తరవాత హజర్ కొండలు మొదలవుతాయి. గడ్డిపోచ కనిపించని బూడిదరంగు కొండలు. నాన్నగారు చూసి చూసి "దేవుడు కొండలు పోసి, పచ్చరంగు వెయ్యడం మర్చిపోయాడ్రా" అన్నారు. మూడు నెలల్లో అది ఆయన వేసిన మొదటి జోకు.

దిబ్బా దాటి దక్షిణంగా అల్ అకా వైపు వస్తే ఒక పక్క కొండలు, ఒక పక్క సముద్రం. ఈనాడు ఆ తీరం పొడుగునా పెద్ద పెద్ద హోటళ్ళున్నాయి. 1998లో ఒకటీ అరా తప్ప అంతా ఖాళీ ఇసకే. బీచిలోకి దిగేముందు ఆగి టైర్లలో గాలి తియ్యడం మొదలుపెట్టాను. నాన్నగారు కంగారుగా దిగొచ్చారు.

"ఏవిట్రా, బాగున్న చక్రాలకి గాలి తీసేస్తావు?"

చెప్పాను. రోడ్డు మీద 35 పౌండ్లుండే గాలిని ఇసకలో 18కి దించాలి. గాలి తగ్గితే టైరు చప్పబడి నేల మీద పొడుగ్గా పరుచుకుంటుంది. బండి బరువు అదే అయినా ఎక్కువ మేర మీద పడుతుంది కాబట్టి దిగబడదు. ఆయన చక్రం దగ్గర గొంతుకూర్చుని, చప్పబడ్డ టైరుని చేత్తో నొక్కి చూశారు. "ఒంటె పాదంలాగన్నమాట. మా సన్నపట్టా బళ్ళకి ఈ సదుపాయం లేకపోయె" అన్నారు. వయసులో ఉన్నప్పుడు ఆయన కొబ్బరికాయల బండి తోలినవారు. వేసవిలో వశిష్ఠ గోదావరి పాయ తగ్గి ఇసక మేట వేస్తే, ఆ ఇసకలో సఖినేటిపల్లి రేవుదాకా బండి తోలి, పంటు మీద ఎక్కించి నరసాపురం చేర్చేవారట. ఈ కథలు నేను చిన్నప్పుడు విన్నవే. పెద్దయ్యాక మళ్ళీ అడగలేదు.

*

గురువారం తెల్లవారుజామున లేచి చూస్తే టెంటులో నాన్నగారు లేరు. కంగారుపడి బయటికొచ్చాను. ఆయన నీళ్ళ అంచున నిలబడి ఉన్నారు. ఎదురుగా సముద్రంలోంచి సూర్యుడు లేస్తున్నాడు. షార్జాలో సూర్యుడు సముద్రంలో అస్తమిస్తాడు. అంతర్వేదిలో ఉదయిస్తాడు, ఇక్కడా ఉదయిస్తాడు. "ఇదీ సముద్రం అంటే. మీ ఊళ్ళో తిరగేసి పెట్టారు" అన్నారు వెనక్కి తిరక్కుండానే.

అర కిలోమీటరు దూరంలో జాలర్లు వల లాగుతున్నారు. మన కోస్తాలో అలివి వల ఉంటుందే, అదే పద్ధతి. పడవలో వెళ్ళి వలని అర్ధచంద్రాకారంగా సముద్రంలో విడిచి, రెండు కొసలూ ఒడ్డుకి తెచ్చి లాగడం. ఇక్కడ దాన్ని యారూఫ్ అంటారు. తేడా అల్లా, మన దగ్గర ముప్ఫైమంది "హైలెస్సా" అంటూ లాగుతారు, ఇక్కడ తాడు కొసని లాండ్‌క్రూజర్‌కి కట్టి లాగుతారు. బండి ముందుకెళ్ళడం, తాడు విప్పడం, వెనక్కి రావడం, మళ్ళీ కట్టడం. వల దగ్గరకొచ్చాక మాత్రం మనుషుల చేతులే. యజమాని ముసలి అరబ్బు పెద్దాయన. పనివాళ్ళు బంగ్లాదేశ్ వాళ్ళు, కేరళ వాళ్ళు.

నాన్నగారు పంచె ఎగ్గట్టి నడుచుకుంటూ వెళ్ళి, ఎవరినీ అడక్కుండా తాడు పట్టుకున్నారు. నాకు ప్రాణం చచ్చినంత పనైంది. వాళ్ళు ఏమంటారో అని పరిగెత్తాను. ఎవరూ ఏమీ అనలేదు. పక్కనున్న కుర్రాడు కాస్త జరిగి చోటిచ్చాడు. గంటసేపు లాగారు. వలనిండా కవళ్ళు, వెండిలా మెరుస్తూ. వాటిని ఇసక మీద ఆరబెడతారు. ఎండినవి ఒంటెలకి మేతగానూ, తోటలకి ఎరువుగానూ వేస్తారు. పెద్దాయన నాన్నగారికి తన ఫ్లాస్కులోంచి చిన్న గిన్నెలో కాఫీ పోసి, ఖర్జూరాలు పెట్టాడు. ఆయనకి అరబ్బీ తప్ప రాదు, ఈయనకి తెలుగు తప్ప రాదు. ఇద్దరూ ఈతమట్టలతో కట్టిన పాత చేపల పాక నీడలో కూర్చుని అరగంట మాట్లాడుకున్నారు! పక్కన ఖర్జూరపు మట్టలు కట్టగా కట్టి చేసిన శాషా అనే పాతకాలపు పడవ ఒకటి బోర్లించి ఉంది. దాన్ని తట్టి చూపిస్తూ "ఇది మన తెప్పేరా" అని నాకు చెప్పారు. తిరిగొచ్చేటప్పుడు తువ్వాల్లో రెండు కిలోల చేపలు. మధ్యాహ్నం పులుసు ఆయనే దగ్గరుండి పెట్టించారు.

మూడు నెలలుగా నేను చూడని మనిషిని ఆ పూట చూశాను.

*

ఇక నా ఘనకార్యం. మధ్యాహ్నం మిత్రుడి కుటుంబం దిబ్బా రేవు చూసి, ఐసు తెస్తామని వెళ్ళారు. మూడు గంటలకి సముద్రం బాగా వెనక్కి పోయి ఒడ్డు రోడ్డులా గట్టిగా, నున్నగా కనిపించింది. పిల్లలిద్దరినీ ఎక్కించుకుని షికారు బయల్దేరాను. "దూరం పోకురా, ఇవాళ పౌర్ణమి" అని నాన్నగారు వెనకనుంచి అన్నారు. పౌర్ణమికీ కారుకీ సంబంధమేమిటో నాకు అర్థం కాలేదు. చెయ్యి ఊపి వెళ్ళిపోయాను.

కిలోమీటరున్నర వెళ్ళాక కొండల్లోంచి వచ్చే వాదీ, అంటే ఎండిన వాగు, సముద్రంలో కలిసే చోటు వచ్చింది. పైకి గట్టిగానే ఉంది. అడుగున మెత్తటి ఒండ్రు. ముందు చక్రాలు దిగబడ్డాయి. అందరూ చేసే తప్పే నేనూ చేశాను. యాక్సిలరేటర్ తొక్కాను. చక్రాలు గిర్రున తిరిగి గొయ్యి తవ్వుకున్నాయి. ఇంకా తొక్కాను. అయిదు నిమిషాల్లో బండి కడుపు ఇసకని ఆనింది. పార మర్చిపోయి క్యాంపులోనే ఉంది. రెండో బండి దిబ్బాలో ఉంది. అప్పట్లో నాకు మొబైలు లేదు.

పదకొండేళ్ళ మా అబ్బాయిని తాతయ్య దగ్గరికి పరిగెత్తించాను. ఏడేళ్ళ అమ్మాయి సీట్లోంచి దిగనని ఏడుపు. చేతులతో ఇసక తోడుతూ తలెత్తి చూసేసరికి, ఇందాక ఇరవై అడుగుల దూరంలో ఉన్న అల ఇప్పుడు పదిహేను అడుగుల్లో ఉంది. అప్పుడు అర్థమైంది పౌర్ణమి సంగతి. అమావాస్యకీ పౌర్ణమికీ పాటు ఎంత దూరం పోతుందో, పోటు అంత పైకి వస్తుంది. నేను బండి దింపింది రోడ్డు మీద కాదు, సముద్రం మీద. అది కాసేపు పక్కకి తప్పుకుందంతే.

నాన్నగారూ, మా ఆవిడా వచ్చారు. ఆయన ముందు చేసిన పని మనవరాలిని ఎత్తుకుని పొడి ఇసక మీద దింపడం. నేను మళ్ళీ స్టార్టు చెయ్యబోతే "ఆపరా!" అని ఒక్క కేక వేశారు. చిన్నప్పుడు తప్ప ఆ గొంతు నేను వినలేదు. "దిగబడ్డ బండిని ఎద్దుని కొట్టి పైకి తేలేవు. ముందు బరువు దింపు."

నీళ్ళ డబ్బాలు, టైరు, సామానంతా దింపేశాం. ఆయనే కారులోకి వంగి డాష్‌బోర్డు సొరుగులో ఉన్న కాగితాలన్నీ తీసి తువ్వాల్లో చుట్టి మా ఆవిడ చేతికిచ్చారు. ఆ తొందరలో నాకు ఏమీ తోచలేదు. తరవాత ఆయన జాలర్ల పాకవైపు పెద్ద పెద్ద అంగలు వేసుకుంటూ వెళ్ళారు. ఏ భాషలో ఏమి చెప్పారో తెలియదు. పావుగంటలో లాండ్‌క్రూజర్, పెద్దాయన, అయిదుగురు కుర్రాళ్ళు, రెండు పారలు, పాక మీంచి పీకిన ఈతమట్టల మోపు, అన్నీ వచ్చాయి.

అప్పటికి అల ముందు చక్రాన్ని తాకుతోంది. టైర్లలో గాలి ఇంకా తీసి 12కి దించాం. నలుగురు చక్రాల వెనక ఇసక తవ్వారు. నాన్నగారు మోకాలి లోతు నీళ్ళలో కూర్చుని ఒక్కొక్క చక్రం కిందికీ మట్టలు జొనిపారు. "ముందుకి కాదు, వచ్చిన గాడిలోనే వెనక్కి. ఆ దారి అప్పటికే గట్టిపడి ఉంటుంది" అని ఆయన తెలుగులో అంటే, పెద్దాయన అరబ్బీలో అదే మాట చెబుతూ చేత్తో వెనక్కి చూపించాడు. వల తాడే బండి వెనక కొక్కేనికి కట్టారు. అల వచ్చి వెనక్కి తీసినప్పుడల్లా చక్రాల కింద ఇసక జారుతోంది. మూడోసారి అల తీసి, తరవాతది రాకముందు నాన్నగారు చెయ్యి ఎత్తారు. రివర్సు, లో గేరు, నెమ్మదిగా. తాడు బిగిసింది. మట్టలు ఫటఫటా విరిగాయి. బండి ఒక్క ఊపు ఊగి వెనక్కి కదిలింది. పొడి ఇసక చేరేదాకా నేను ఊపిరి తీసుకోలేదు.

పెద్దాయనకి డబ్బివ్వబోతే నా చెయ్యి తోసేసి, నాన్నగారి భుజం తట్టి, పొద్దున్న తాడు లాగినట్టు అభినయించి చూపించాడు. లెక్క సరిపోయిందని.

రాత్రి తొమ్మిది దాటాక వెళ్ళి చూశాను. బండి దిగబడిన చోట నా నడుం లోతు నీళ్ళున్నాయి.

*

ఆ రాత్రి కొండల వెనక పొద్దు గుంకగానే సముద్రంలోంచి నిండు చంద్రుడు లేచాడు. అందరూ పడుకున్నాక పెట్రోమాక్స్ దగ్గర నేనూ నాన్నగారూ మిగిలాం. తువ్వాలు మడత విప్పి కాగితాలు నా చేతిలో పెట్టారు.

"తడవలేదు, చూసుకో. అందులో సర్వే నంబరు తప్పు రాయించాడు మీ బావ."

నా గొంతులో తడి ఆరిపోయింది. ఏదో చెప్పబోయాను. ఆయన ఆపారు.

"సంతకం పెట్టమంటే పెడతాను. నీకు డబ్బు అవసరమైతే చెప్పు, ఆ తోట నీది కాక ఎవరిది? నన్ను ఇక్కడ ఉంచడానికైతే మాత్రం వద్దు."

"అక్కడ ఒక్కరూ ఎలా ఉంటారు నాన్నగారూ?"

"ఇక్కడ పొద్దుణ్ణించి సాయంత్రందాకా ఎలా ఉంటున్నాను? కాకపోతే అక్కడ 40 మొక్కలున్నాయి."

1996 నవంబరు 6న వచ్చిన తుఫాను సంగతి కోనసీమ వాళ్ళకి నేను చెప్పనక్కర్లేదు. వెయ్యిమందికి పైగా చనిపోయారు, కొబ్బరి చెట్లు లెక్కలేనన్ని పడిపోయాయి. మా తోటలో సగానికి పైగా పోయాయి. మర్నాడు సంక్రాంతి వెళ్ళాక అమ్మా ఆయనా కలిసి 40 మొక్కలు పెట్టారు. ఆ వేసవంతా అమ్మ బిందెలతో నీళ్ళు మోసింది. సెప్టెంబరులో పోయింది. ఈ సంగతులు నాకు ఉత్తరాల్లో తెలుసు. మొక్కలు 40 అని మాత్రం నేనెప్పుడూ అడగలేదు. పార్కింగులో కార్లు లెక్కపెట్టిన మనిషి రోజూ అసలు వేటిని లెక్కపెట్టుకుంటున్నారో అప్పుడు తెలిసింది.

"మన జాతి చెట్టు కాపుకి రావాలంటే ఆరేడేళ్ళు. అందాకా చూస్తే చాలు" అన్నారు.

మర్నాడు తిరుగుదారిలో అల్ బిదియా మసీదు చూశాం. అయిదారు వందల ఏళ్ళ నాటిది, ఈ దేశంలో అన్నిటికన్నా పాతదంటారు. రాయీ, మట్టీ, నాలుగు గుమ్మటాలు, లోపల బరువంతా మోసే ఒకే ఒక్క స్తంభం. నాన్నగారు దాని చుట్టూ రెండుసార్లు తిరిగి "మేస్త్రీ గట్టివాడు" అన్నారు. మసాఫీ శుక్రవారం సంతలో మట్టి కూజా ఒకటి బేరమాడి సగానికి కొన్నారు, తెలుగులోనే.

సంక్రాంతికి ముందే 1999 జనవరిలో ఆయన్ని విమానం ఎక్కించాను. కాగితాలు మా బావకి తిప్పి పంపేశాను. హైదరాబాదు ఫ్లాటు ఆ తరవాత ఏడేళ్ళకి గాని కొనలేకపోయాను. అప్పటికి ధర మూడింతలయింది. మా ఆవిడ ఆ మాట ఇప్పటికీ అప్పుడప్పుడు గుర్తు చేస్తుంది.

ఇక కుర్రాళ్ళకి జాగ్రత్తలు. ఇప్పుడు చాలాచోట్ల బీచి మీద కార్లు నడపడం, టెంటు వెయ్యడం నిషేధం, కాబట్టి ముందు ఆ ఎమిరేట్ నియమాలు కనుక్కోండి. రెండు బళ్ళు లేనిదే కదలొద్దు, ఒకటి ఎటు వెళ్తే రెండోదీ అటే. పార, గాలి కొలిచే మీటరు, తాడు బండిలోంచి దింపొద్దు. వాదీ ముఖం దగ్గరికి పోవద్దు, వాదీలో టెంటు వెయ్యొద్దు, ఎక్కడో కొండల్లో వాన పడితే వరద మీ మీదికొస్తుంది. తడి ఇసక ఎంత గట్టిగా కనిపించినా నమ్మొద్దు. తిథి చూసుకోండి. దిగబడితే తొక్కొద్దు. పెద్దవాళ్ళు వెనకనుంచి ఏదైనా అంటే బండి ఆపి వినండి.

నాన్నగారు మరో పన్నెండేళ్ళు ఆ తోటలోనే ఉన్నారు. 2007లో గట్టు మీద జారిపడి తుంటి విరిగితే ఆసుపత్రికి తీసుకెళ్ళింది పొరుగువాళ్ళే, నేను మూడోరోజుకి చేరాను. 2011లో పోయినప్పుడు కూడా నేను వెళ్ళేసరికి తెల్లవారింది. ఆయన్ని పంపించడం తప్పో ఒప్పో నాకు ఇప్పటికీ తేలలేదు. మన సంఘంలో చాలామంది ఇళ్ళలో ఈ లెక్క ఇంకా నడుస్తూనే ఉందని నాకు తెలుసు.

2004 మార్చిలో, తారణ నామ ఉగాదికి, మా ఊరి కుర్రాడొకడు షార్జా వస్తూ గోనెసంచీ మూట తెచ్చి నా చేతిలో పెట్టాడు. అందులో అయిదు కొబ్బరికాయలు, ఒక చీటీ. "40లో 37 బతికాయి. ఇవి మొదటి దింపువి. మీ పండగకి కొట్టుకోండి. ఒకటి ఆ చేపల పెద్దాయనకి ఇవ్వు" అని రాసి ఉంది.

తరవాతి శుక్రవారమే దిబ్బా దారి పట్టాను. ఈసారి ఒడ్డు మీదికి బండి దింపలేదు. రోడ్డు మీద ఆపి నడిచి వెళ్ళి ఇచ్చొచ్చాను.